గురువారం ఐదింటి పాఠం

సెప్టెంబరు 3, మంగళవారం

మా రేడియో స్టేషను కంప్యూటరు పోయింది. పొద్దున మీట నొక్కితే ఒకసారి మూలిగింది, అంతే. పెట్టె విప్పి చూస్తే లోపలంతా ఉప్పు, తుప్పు. సముద్రానికి ఇరవై అడుగుల దూరంలో పెట్టిన యంత్రం పదకొండేళ్లు బతకడమే గొప్ప.

ఫోలౌ తలుపు దగ్గర నిలబడి, "ఇక రాజధాని నుంచి ఇంజినీరు రావాల్సిందే కలో. నెల మాట," అన్నాడు. పోలీసు ఉద్యోగం చేసి రిటైరయ్యి మా దగ్గర కార్యక్రమాలు చదువుతున్నాడు. ఏ చెడ్డ వార్త చెప్పినా నేరం రుజువైనట్టే చెబుతాడు.

నెల ఆగడానికి లేదు. అక్టోబరు ఇరవై మూడున కొత్త చర్చి తెరుస్తారు. తుఫానులో పైకప్పు ఎగిరిపోయిన దగ్గర్నుంచి ఐదేళ్లు కట్టుకున్నాం. ఆ రోజు ఆరు దీవుల గాయకులు కలిసి పాడేది ఇసిలేలి కట్టిన కీర్తన. నా తమ్ముడు సొంతంగా కట్టిన మొదటి పాట. ఆరు దీవులవాళ్లు ముందుగా ఒకచోట చేరే దారి లేదు, అన్నేసి పడవలూ లేవు, అంత తీరికా లేదు. గురువారం ఐదింటికి మా రేడియోలో వచ్చే పాఠం విని నేర్చుకోవాలి. రేడియో లేకపోతే పాట లేదు.

చర్చి కమిటీలో లేచి నిలబడి చెప్పాను, మొదటి పాఠం నాటికి నేనే నిలబెడతానని. పాస్టరుగారు కాసేపు నన్ను చూసి, కాసేపు పంకాని చూసి, సరేనన్నారు. ఫోలౌ దగ్గాడు. దగ్గనీ. ఇరవై ఆరేళ్లు టెలిఫోను ఎక్స్ఛేంజిలో తీగలు కలిపినదాన్ని నేను. ఈ దీవుల్లో ఒకరి మాట ఒకరికి వినిపించిందంటే అందులో నా చెయ్యి ఉంది.

సెప్టెంబరు 4, బుధవారం

బడిలో మూలపడిన కంప్యూటరు ఒకటి ఇచ్చారు. అందులో లినక్స్ ఉంది. ఏం కావాలన్నా టైపు చేసి అడగాలి. తప్పుగా అడిగితే తప్పని మొహం మీదే చెబుతుంది. నాకు నచ్చింది.

సెప్టెంబరు 5

శబ్దం లేదు.

సెప్టెంబరు 6

శబ్దం లేదు. ఫోలౌ రెండుసార్లు వచ్చి "ఏమైనా వినిపిస్తోందా?" అన్నాడు. నీ గొంతే వినిపిస్తోంది అన్నాను.

సెప్టెంబరు 7, శనివారం

అసలు నీ దగ్గర ఎన్ని సౌండు కార్డులున్నాయో చెప్పమని అడిగాను. మొదటి రోజే అడగాల్సిన మాట. రెండున్నాయట, సున్నా నంబరుది ఒకటి, ఒకటో నంబరుది ఒకటి. సున్నా అనేది తెరకి వెళ్లే తీగలోంచి శబ్దం పంపేది. మా తెరకి స్పీకరే లేదు. అంటే మూడు రోజులుగా ఈ యంత్రం నోరు లేని తెరకి పాడి వినిపిస్తోంది. ఒకటో నంబరు కార్డునే వాడమని ఒక ఫైల్లో రాసి పెట్టాను.

అయినా శబ్దం లేదు.

సెప్టెంబరు 8, ఆదివారం

ఆదివారం కాబట్టి ముట్టుకోలేదు. చెయ్యి ముట్టుకోలేదు గానీ బుర్ర మాత్రం స్టూడియోలోనే ఉంది. ప్రసంగం దేని గురించో గుర్తు లేదు.

సెప్టెంబరు 9, సోమవారం

దొరికింది! శబ్దం హెచ్చుతగ్గులు చూపించే తెరలో ఒక్కో గొట్టం కింద చిన్నగా రెండు ఎమ్‌లు రాసి ఉన్నాయి. మూసి ఉందని అర్థం. ఈ కార్డు పుట్టడమే నోరు మూసుకుని పుడుతుందట. ఎమ్ మీట నొక్కాను. పరీక్ష కోసం పెట్టిన కీర్తన ఎంత గట్టిగా మోగిందంటే పెరట్లో ఫోలౌ చేతిలో పనసకాయ ముక్క కింద పడింది.

వాడు లోపలికి వచ్చేసరికి మళ్లీ మూగపోయింది. యంత్రాన్ని ఆపి మళ్లీ పెట్టాను, అందుకు. నేను కూర్చుని వాయిస్తే వాయిస్తుంది, ప్రసారం చేసే ప్రోగ్రాము తనంతట తను వాయించాలంటే వాయించదు. దానికో వేరే పేరుంది, ఆ పేరు శబ్దం ముట్టుకోవడానికి అనుమతి ఉన్నవాళ్ల జాబితాలో లేదు. చేర్చాను. ఇప్పుడు నాలుగుసార్లు ఆపి పెట్టాను, నాలుగుసార్లూ మోగింది.

"ఇంజినీరుకి ఫోను చెయ్యొద్దని చెప్పనా పాస్టరుగారికి?" అన్నాడు ఫోలౌ.

"ఇంజినీరే స్టూడియోలో ఉందని చెప్పు."

సెప్టెంబరు 12, గురువారం

మొదటి పాఠం ఐదింటికి సరిగ్గా వెళ్లింది.

మిగతా అందరూ స్టూడియోకొచ్చి మైకు ముందు పాడతారు. ఇసిలేలి రాడు. బల్ల దగ్గర నేనుంటాను, అది చిన్న గది. మా దీవుల్లో అక్క కూర్చున్న గదిలో తమ్ముడు కూర్చోడు. వాడికి పన్నెండేళ్లు వచ్చినప్పటి నుంచి నేనున్న గడప దాటలేదు, నా మాటకి ఎదురు మాట అనలేదు. మంచి తమ్ముడు అని ఊరంతా అంటుంది, నిజమే. అందుకని బుధవారం హాల్లో మా ఊరి గాయకుల చేత పాడించి, మధ్యమధ్య తను వివరిస్తూ చేతి రికార్డరులో రికార్డు చేస్తాడు. అది సరిగ్గా అరగంటకి తనే ఆగిపోతుంది. గురువారం వాడి భార్య లూసియానే తెచ్చి ఇస్తుంది.

పాట గురించి నేను రాస్తే సొంత డబ్బా అవుతుంది. రాస్తాను. మూడో చరణంలో బాస్‌లు, అంటే అడుగు గొంతులవాళ్లు, కిందకి దిగుతూ ఉంటే వాడి గొంతు ఒంటరిగా పైన నిలబడుతుంది. బల్ల దగ్గర కూర్చుని ఏడ్చాను. మా నాన్న వినుంటే బాగుండేది.

కానీ వెనకాల చిటపట. పాటంతా ఎవరో పక్కన చేపలు వేయిస్తున్నట్టు. రెండు దీవుల నుంచి ఫోన్లు వచ్చాయి.

సెప్టెంబరు 14, శనివారం

చిటపట పోయింది. రెండు రోజులు పట్టింది, ఫైల్లో రాసిన ఒక్క వరుసతో పోయింది.

ఫైల్లోంచి వచ్చే శబ్దాన్ని కార్డుకి సరిపడేలా లెక్క మార్చి అందించే పని ఒకటి మధ్యలో జరుగుతోంది. పాత యంత్రం, ఆ లెక్క అందుకోలేక తడబడుతోంది. ఆ మధ్యవర్తిని తీసేశాను. నేరుగా కార్డుకే, సెకనుకి నలభై ఎనిమిది వేల ముక్కల చొప్పున శబ్దం ఇవ్వమని రాశాను. గాజులా ఉంది శబ్దం. మైకులో మాట్లాడి చూశాను, బాగుంది. చర్చి గంట రికార్డు పెట్టి చూశాను, కొత్త గంటలా మోగింది.

ఈ వరుస ఎవరూ చెప్పలేదు. నేనే ఆలోచించి రాశాను.

సెప్టెంబరు 19, గురువారం

రెండో పాఠం. చిటపట లేదు. ఒక్క చుక్క లేదు.

పాఠం అయ్యీ అవగానే లోఫంగా దీవి నుంచి సిసిలియా ఫోను. అక్కడి గాయకుల్ని నడిపేది తనే.

"కలో, ఏమిటే ఈ శ్రుతి? మా ఆడవాళ్ల గొంతులు కొబ్బరిచెట్టెక్కి దిగలేక అరుస్తున్నాయి. పోయినవారం ఇలా లేదు."

"పోయినవారం ఆ చిటపటలో నీకేం వినబడిందిలే."

"మీ తమ్ముడు మాట్లాడితే పిల్లాడు మాట్లాడినట్టుంది."

"రేడియో శుభ్రంగా వస్తే అలాగే ఉంటుంది. ఇన్నాళ్లూ బురదలో విన్నారు. సాధన చెయ్యండి, గొంతులు అవే లేస్తాయి."

ఫోలౌ కార్యక్రమాన్ని రెండు నిమిషాల పైన ముందే ముగించి వార్తలు మొదలుపెట్టాడు. అడిగితే, "టేపు అయిపోయింది, నేనేం చెయ్యను?" అంటాడు. అరగంట పాఠం అరగంట ఉండదా? టీ తాగే తొందర.

సెప్టెంబరు 21, శనివారం

లూసియానే తాటాకు బుట్టలో కాల్చిన కూరాకు తెచ్చింది. కొబ్బరిపాలు బాగా పట్టాయి. రేడియో ఎలా వచ్చిందే అని అడిగాను. "బాగా వచ్చింది వదినగారూ, ఎంత శుభ్రంగా ఉందో," అంది, బుట్ట వంక చూస్తూ. ఇసిలేలి ఏమన్నాడు అంటే, "మీకు చాలా శ్రమ అయిందన్నారు," అంది.

వాడు ఊరికే పొగిడే రకం కాదు.

సెప్టెంబరు 26, గురువారం

మూడో పాఠం. ఒక్క ఫిర్యాదు లేదు. సిసిలియాయే ఫోను చేసి, "ఈసారి హాయిగా ఉంది, ఏం చేశావు?" అంది.

"నేనేం ముట్టుకోలేదు. మీకే అలవాటైంది."

చూశారా. వారం సాధన చేస్తే గొంతులు లేస్తాయని చెప్పలేదూ.

ఫోలౌ మళ్లీ ముందే ఆపేశాడు.

అక్టోబరు 2, బుధవారం

హాలు పక్కగా వస్తుంటే పాడుతున్నారు. నిలబడిపోయాను. నెమ్మదిగా, కింద, మరీ కింద. బాస్‌లు నేలలోంచి గొణుగుతున్నారు. ఇదేనా ఆ పాట?

బయట మెట్ల మీద ఇద్దరు ఆడవాళ్లు నవ్వుకుంటున్నారు. "మంగళవారం మనుషులం, బుధవారం తిమింగలాలం," అంది ఒకామె. రెండో ఆమె నన్ను చూసి దాన్ని మోచేత్తో పొడిచింది. ఇద్దరూ లేచి గౌరవానికి నడుముకి కట్టుకున్న చాపలు సర్దుకుని, ఎంతో మర్యాదగా, నమస్కారం కలోలైనేగారూ అన్నారు.

నాకు దిగులు పట్టుకుంది. వాడి గొంతు పడిపోతోందా? నలభై తొమ్మిదేళ్లకేనా? పైకి అందక శ్రుతి దించుకున్నాడా? ఇరవై మూడున ఆరు దీవుల ముందు మూడో చరణంలో వాడు ఒంటరిగా పైన నిలబడాలి.

అల్లం, తేనె లూసియానేకి పంపాను. దేనికి అని అడగలేదు.

అక్టోబరు 3, గురువారం

నాలుగో పాఠం బాగా వచ్చింది. వాడి గొంతు రేడియోలో బాగానే ఉంది. హాల్లో వింటే కింద, రేడియోలో వింటే మామూలుగా. ఈ కార్డు మంచిది కదా, పడిపోయిన గొంతుని కూడా లేపుతుంది.

అక్టోబరు 6, ఆదివారం

పాత టెలిఫోను మేస్త్రీ పోయాడు. చావు కబురు నేనే చదివాను, నిన్న ఇంట్లో రికార్డరులో పట్టి ఈవేళ ప్రసారానికి పెట్టాను. చర్చి బయట నలుగురు ఆపి చెప్పారు, "ఎవరో పాతికేళ్ల అమ్మాయి చదివిందనుకున్నాం!" అని. పాస్టరుగారి భార్య కూడా అంది.

మేస్త్రీ గురించి బాధగానే ఉంది. అయినా ఇంటికొచ్చి అద్దంలో చూసుకున్నాను.

అక్టోబరు 10, గురువారం

ఇవాళ ఫోలౌని పట్టుకుందామని గడియారం చేతిలో పెట్టుకుని కూర్చున్నాను. తెర మీద పాఠం నిడివి ముప్పై నిమిషాలని ఉంది. ఐదింటికి మొదలుపెట్టాడు. వాడి చేతులు ఒళ్లో ఉన్నాయి, నేను కన్ను ఆర్పలేదు. ఇరవై ఏడు నిమిషాల ముప్పై నాలుగు సెకన్లకి పాఠం అయిపోయింది. తనంతట తనే.

"చెప్పానా," అన్నాడు.

కాగితం తీసి లెక్క వేశాను. వద్దనుకుంటూనే వేశాను. ఆ రికార్డరు ఒక సెకను శబ్దాన్ని నలభై నాలుగు వేల వంద ముక్కలుగా రాస్తుంది. నా వరుస వల్ల కార్డు సెకనుకి నలభై ఎనిమిది వేల ముక్కలు మింగుతోంది. మధ్యలో లెక్క సరిచేసేదాన్ని నేనే పీకేశాను. అందుకని రికార్డులోంచి వచ్చే ప్రతి శబ్దమూ తొందరగా, ఒక స్వరమంత పైకి. మైకులో మాట్లాడేవాళ్లకి ఏమీ కాదు, వాళ్లు కార్డులోంచి రారు. నా తమ్ముడి పాట ఒక్కటే రికార్డులోంచి వస్తుంది. మొన్న నేను చదివిన చావు కబురు కూడా.

పాతికేళ్ల అమ్మాయట.

అక్టోబరు 11, శుక్రవారం

వరుస తీసేశాను. మధ్యవర్తిని తిరిగి పెట్టి, చిటపట రాకుండా దానికి కాస్త ఎక్కువ చోటు ఇచ్చాను. మొదటే చేయాల్సిన పని. పరీక్షించాను. ముప్పై నిమిషాలది ముప్పై నిమిషాలు.

ఎవరికీ చెప్పలేదు. చెప్పి ప్రయోజనం? నష్టమేం జరగలేదు. సిసిలియా ఒక్క వారం సణిగింది, తరవాత వాళ్లకి అలవాటైంది. ఇప్పుడు కాస్త దిగితే ఇంకా హాయిగా పాడతారు. పాఠం ఇంకొకటి ఉంది కదా.

అక్టోబరు 12

కార్డు సరిగ్గా ఉంది.

అక్టోబరు 14

ఫోలౌకి టీ ఇచ్చాను. ఎందుకని అడిగాడు. ఊరికే అన్నాను.

అక్టోబరు 17, గురువారం

చివరి పాఠం. పాట మొదలైంది. అడుగున ఎక్కడో, ఈడ్చుకుంటూ. ఇసిలేలి మాట్లాడితే రాయి దొర్లినట్టుంది. ఫోలౌ నోరు తెరుచుకుని నన్ను చూస్తున్నాడు. మధ్యలో ఆపితే ఇంకా పరువు తక్కువ, ముప్పై నిమిషాలూ కూర్చుని విన్నాను.

ఫోన్లు. ఆరు దీవుల నుంచీ ఫోన్లు. సిసిలియా అయితే, "ప్రారంభోత్సవమా, సమాధా?" అంది. ఇంకో దీవి పెద్దాయన మర్యాదగా అడిగాడు, "చివరి పాఠం కదమ్మా, ఇదే ఖాయమనుకోమంటారా? రేపట్నుంచి ఇలాగే దించి పాడిస్తాను." మళ్లీ చెబుతానన్నాను.

కార్డు చూశాను. సరిగ్గా ఉంది. ఫైలు చూశాను. సరిగ్గా ఉంది. మూడుసార్లు చూశాను. చివరికి లూసియానే తెచ్చిన రికార్డరునే చెవి దగ్గర పెట్టుకుని విన్నాను. మధ్యలో ఏ యంత్రమూ లేదు, నేనూ లేను.

వాళ్లు పాడిందే అలా పాడారు.

మూడో పాఠం ఫైలు తీసి ఇప్పుడు పెట్టి విన్నాను. నాలుగోది, ఐదోది. అన్నీ కిందే. మొదటిదీ రెండోదీ మాత్రం పాట ఉండాల్సిన చోట ఉన్నాయి.

అక్టోబరు 18, శుక్రవారం

పొద్దున్నే లూసియానే దగ్గరికి వెళ్లాను. నేను వస్తున్నానని తెలిసి ఇసిలేలి వెనక తలుపులోంచి తోటకి వెళ్లిపోయాడు. ఎప్పుడూ వెళ్తాడు. ఈవేళ మాత్రం వాడి వీపు కనబడినంతసేపూ గుమ్మంలోనే నిలబడ్డాను.

"ఎప్పటినుంచి తెలుసే?" అన్నాను.

అది దుంప చెక్కుతోంది, ఆపలేదు. "రెండో పాఠం నాడే. ఆయన రేడియో ముందు కూర్చుని ఉన్నారు, రెండు మాటలు వినగానే తెలిసిపోయింది."

"మరి చెప్పలేదేం?"

"ఎవరు వదినగారూ? ఆయనా? మీకా?"

బుట్టలోంచి నేనూ ఒక దుంప చేతిలోకి తీసుకున్నాను.

"నేను చెబుతానన్నాను," అంది. "వద్దన్నారు. అక్క కమిటీ ముందు నిలబడి మాట ఇచ్చింది, ఆ యంత్రం పాడైందని నా నోట్లోంచి రాదు, నా ఇంట్లోంచి రాదు అన్నారు. రెండు రోజుల తరవాత హాలుకి వెళ్లి అందరితో చెప్పారు, బుధవారం మాత్రం ఇంత కింద, ఇంత నెమ్మదిగా పాడదాం, రేడియోలో సరిగ్గా పడుతుంది అని. ఎంత దించాలో రెండు రాత్రులు రేడియో పాటని గుర్తు చేసుకుంటూ కూర్చుని లెక్క కట్టారు. ఎందుకని ఎవరూ అడగలేదు. అందరికీ తెలుసు."

"అందరికీనా?"

"అరవై మందికి. వాళ్ల ఇళ్లల్లోవాళ్లకి కూడా అనుకోండి."

కూర్చోమంది. కూర్చోలేకపోయాను. నెలరోజులుగా మా ఊరు ఊరంతా నా తప్పు చుట్టూ చప్పుడు కాకుండా నడుస్తోంది. నేను మాత్రం తలెత్తుకుని తిరిగాను, అల్లం తేనె పంపాను.

"ఎంత దించాలో సరిగ్గా అంతే దించాడు తెలుసా," అన్నాను చివరికి. "నేను కాగితం మీద లెక్క వేస్తే గానీ తేలలేదు. వాడు చెవితో పట్టాడు."

"ఆయనకి చెప్పనా?"

"వద్దు. నేనే చెబుతాను."

ఎలా చెబుతాను? నేనూ వాడూ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుని ముప్పై ఏడేళ్లు.

అక్టోబరు 19, శనివారం

సోమవారం పొద్దున మొదటి పడవలు బయల్దేరతాయి. మూడు దీవుల వాళ్లు నిన్నటి నుంచి దించి సాధన చేస్తున్నారట. ఆరు దీవులు రెండు శ్రుతుల్లో వస్తే కొత్త కప్పు కింద వాడి పాట చితికిపోతుంది. ఈ సాయంత్రమే చెప్పాలి.

రాసుకున్నది:

*శ్రోతలకు విజ్ఞప్తి. విద్యుత్తు హెచ్చుతగ్గుల కారణంగా*

కొట్టేశాను. విద్యుత్తు ఏం చేసింది పాపం.

*సాంకేతిక కారణాల వల్ల*

కొట్టేశాను. ఆ సాంకేతిక కారణానికి యాభై ఎనిమిదేళ్లు, పేరు కలోలైనే.

ఐదింటికి మైకు తెరిచాను. కాగితం లేకుండా మాట్లాడాను. గుర్తున్నంత రాస్తున్నాను:

"నేను కలోలైనేని. సెప్టెంబరు పద్నాలుగున ఈ రేడియో కంప్యూటర్లో నేను ఒక తప్పు వరుస రాశాను. దానివల్ల రికార్డులన్నీ పైకి వెళ్లాయి. ఆ తప్పు నా తమ్ముడు ఇసిలేలికి మొదటి రోజే తెలుసు. నాకు చిన్నతనం రాకూడదని తన పాటనే కిందకి దించి పాడించి, మీ దాకా సరిగ్గా చేర్చాడు. పోయినవారం నేను తప్పు దిద్దుకున్నాను. దిద్దుకున్నానని ఎవరికీ చెప్పలేదు, సిగ్గేసింది. అందుకే మొన్నటి పాఠం అలా వచ్చింది. మొన్నటిది మర్చిపోండి. మూడు, నాలుగు, ఐదు వారాల్లో మీరు విన్నదే పాట. ఇప్పుడు మొదటి పాఠం మళ్లీ వేస్తాను, అదే శ్రుతి. రికార్డులో తప్పు లేదు, గాయకుల్లో తప్పు లేదు. తప్పు నాది."

మొదటి పాఠం వేశాను. ముప్పై నిమిషాలు. ఫోలౌ ముప్పై నిమిషాలూ నిటారుగా నిలబడే ఉన్నాడు, జెండా ముందు నిలబడ్డట్టు. అయ్యాక నాకు టీ తెచ్చి ఇచ్చాడు.

సిసిలియా ఫోను చేసింది. "మా వాళ్లందరూ విన్నారు. ఇంకోసారి వెయ్యి," అంది. వేశాను.

తమ్ముడింటి నుంచి ఏ కబురూ లేదు.

అక్టోబరు 20, ఆదివారం

చర్చిలో నా చోట నేను కూర్చున్నాను. అందరూ చూశారు. చూడనీ.

అక్టోబరు 23, బుధవారం

రాయడానికి చెయ్యి రావడం లేదు, అయినా రాస్తాను.

రేడియో కోసం బల్ల చర్చిలో వెనక గోడ దగ్గర వేసుకున్నాను. మూడు వందల పదిమంది, ఆరు దీవులు, తెల్ల బట్టలు, నడుముకి చాపలు. ఇసిలేలి ముందు నిలబడి పెదవులు మూసి శ్రుతి ఇచ్చాడు. గాలి పీల్చుకున్న చప్పుడు నా చెవిగొట్టాల్లో వినిపించింది. ఆ తరవాత అందరూ ఒక్క చోటే దిగారు. ఒక్క చోటే! లోఫంగా ఆడవాళ్ల గొంతులు హాయిగా పైన తిరిగాయి. మూడో చరణంలో వాడు ఒంటరిగా నిలబడితే, కొత్త కప్పు రేకులు కూడా పలికాయి. నేను కట్టిన తీగల్లోంచే అది అన్ని దీవులకీ వెళ్తోంది. ఇంత గర్వం ఒక మనిషికి మంచిది కాదేమో. అయినా పడ్డాను.

పాట అయ్యాక పెద్దలు పాట కట్టినవాడి ముందు కానుకలు పెట్టారు. ముగ్గులేసిన బెరడు వస్త్రం, పది బారలుంటుంది, పైన మెత్తటి చాపలు. వాడు అది ముట్టుకోలేదు. చెయ్యి ఊపాడు. ఎనిమిదిమంది ఎత్తుకుని మూడు వందల మంది మధ్యలోంచి నడిచి వెనక గోడ దాకా వచ్చి నా బల్ల ముందు పరిచారు. తమ్ముడికొచ్చిన గౌరవం అక్కకి చెందడం మా పద్ధతే. శనివారం మాటల తరవాత ఆ పద్ధతి వాడు పాటించకపోయినా ఎవరూ తప్పు పట్టేవారు కాదు.

వాడు నా వంక చూడలేదు, చూడకూడదు. నేను చూశాను. మైకు మూసి గట్టిగా ఏడ్చాను.

అక్టోబరు 26, శనివారం

స్టూడియో పక్కన విరిగిన కుర్చీలు పడేసే గది ఉంది. ఖాళీ చేశాను. గోడకి బెజ్జం వేసి తీగ దూర్చాను. అటువైపు ఒక మైకు, ఒక చెవిగొట్టం, మంచి కుర్చీ ఒకటి.

లూసియానేని పిలిచాను. "మీ ఆయన్ని గురువారం ఈ గదిలో కూర్చుని పాడమను. ఇంక రికార్డులొద్దు. నేను ఆ గదిలో ఉంటాను, మధ్యన గోడ ఉంది, తప్పేం లేదు."

"చెబుతాను."

"ఇంకొకటి. చెవిగొట్టంలో ఏ తేడా వినిపించినా గోడ మీద కొట్టమను. మాటక్కర్లేదు."

అది గోడని చూసింది, నన్ను చూసింది. "కొట్టరు వదినగారూ. మీ మీద ఆయన చెయ్యెత్తినట్టే అనుకుంటారు."

"ఇది అక్క ఆజ్ఞ అని చెప్పు. కొట్టకపోతే నా మాట కాదన్నట్టే."

లూసియానే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు నవ్వింది.

అక్టోబరు 31, గురువారం

వచ్చాడు. పక్కగది తలుపు చప్పుడైంది, కుర్చీ లాగిన చప్పుడైంది, ఒక దగ్గు. ఐదింటికి మైకు తెరిచాను. క్రిస్మస్ పాటల పాఠం మొదలుపెట్టాడు.

ఐదూ నాలుగుకి గోడ మీద చప్పుడైంది. ఎంత మెల్లగా అంటే బల్లి పాకిందేమో అనుకున్నాను. చూస్తే నిజమే, శబ్దం ఎక్కువ పెట్టాను, పై స్వరాలు పగులుతున్నాయి. మీట ఒక గీత దించాను.

వాడు పాడుతూనే ఉన్నాడు. అర నిమిషం తరవాత మళ్లీ కొట్టాడు. ఈసారి పిడికిలితో.

ఫోలౌ ఉలిక్కిపడ్డాడు. "ఏమిటది? ఏమైంది?"

"మా తమ్ముడు," అన్నాను. "నేను చేసింది చాల్లేదంటున్నాడు."

ఇంకో గీత దించాను.